తలగడ కింది కెంపులు

నేను ఆడిన బేరాలన్నిటిలోకీ గొప్పదే మా కొట్టును ముంచింది. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ కాస్త గర్వంగానే ఉంటుంది. పద్నాలుగు వేలు చెప్పిన కెంపుల మూటను ఒక్క పూటలో తొమ్మిది వేలకు దింపడం మా వీధిలో ఇంకెవరి వల్లా అయ్యేది కాదు.

పాత బజారులో మాది రాళ్ల కొట్టు. ఏటా రెండుసార్లు జైపూర్ నుంచి ఒక సేఠ్ గుడ్డ సంచుల్లో రాళ్లు తెచ్చేవాడు. నాన్నకు చూపు మందగించి తాళాలు నా చేతికి వచ్చిన ఏడాది, ఆ బేరానికి నేనే కూర్చున్నాను. ఒక్కో కెంపునూ ఎండకు పట్టి, దీంట్లో మబ్బుంది, దీంట్లో చుక్కుంది అంటూ పేర్లు పెట్టాను. చివరికి ఒకదాన్ని వేలితో తోసి, "ఇది నిన్నటి చేప మొప్ప రంగు సేఠ్, మా రేవులో పిల్లి కూడా ముట్టుకోదు" అన్నాను. పక్కనున్న గాజుల కొట్టాయన పని మానుకుని మరీ విన్నాడు. సేఠ్ మొహం మాడ్చుకుని తొమ్మిదికి ఒప్పుకున్నాడు. గెలిచిన ఊపులో అతనికి రెండు కాఫీలు పోయించాను.

ఆ తొమ్మిది వేలూ గది కోసం దాచిన పన్నెండు వేలలోవి. మా కొట్టున్న అద్దె గదిని శివరాత్రిలోగా పన్నెండు వేలిస్తే మాకే అమ్ముతానని, లేకపోతే ఇచ్చినవాళ్లకు అమ్ముతానని యజమాని తేల్చి చెప్పాడు. నా లెక్క నాకుంది. స్టీల్ ప్లాంటు కడుతున్నారు, పోర్టులో కొత్తగా కుర్రకారు చేరుతున్నారు, ఒకటో తారీఖున అందరి జేబులూ నిండుతున్నాయి. జాతకం పట్టుకొచ్చే ముసలాయనే ఒక రాయి కొంటే, జీతం పట్టుకొచ్చే కుర్రది పది కొనదా?

నాన్న ఒక్కటే అడిగాడు. "కెంపులు కావాలని ఆళ్లు నీతో అన్నారేట్రా?"

అనలేదు. ఆ ప్రశ్న నాకు తట్టనూ లేదు.

మొదట వచ్చినామె పోర్టు ఆఫీసులో టైపిస్టు. నక్షత్రం చెప్పలేదు, రాశి చెప్పలేదు. సంచిలోంచి చిలకపచ్చ జాకెట్టు ముక్క తీసి గల్లాపెట్టె మీద పరిచి, ఈ రంగు రాయి కావాలంది. ఏ రాయి ఎవరికి పడుతుందో, ఏ గ్రహం ఎవరిని పీడిస్తుందో నేను పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. ఆవిడ ఓపిగ్గా విని, "సీరకి జాతకం ఉంటాదేటి బాబూ?" అంది.

అప్పుడు ఆమె కన్ను కెంపుల నెక్లెసు మీద పడింది. మూటలోంచి పది రాళ్లు ఏరి, మూడొందలు కూలి ఇచ్చి నేను చేయించినది. పరీక్షకు ఇమ్మంది.

ఈ పరీక్ష మా కొట్టు ఆచారం. నీలం పెట్టుకునే ముందు మూడు రాత్రులు తలగడ కింద ఉంచుకుని, చెడ్డ కలొస్తే తిరిగి ఇచ్చేస్తారు. నాన్న ఆ వెసులుబాటు అన్ని రాళ్లకూ ఇచ్చాడు. వెనక్కి తెచ్చినవాళ్లను ఇంతవరకు ఎందుకని అడగలేదు. పరీక్షకు ఒక్క రాయి చాలు, నెక్లెసెందుకన్నాను.

"నా తలగడ పెద్దది బాబూ" అంది.

శుక్రవారం పట్టుకెళ్లి సోమవారం తెచ్చింది. రాళ్ల సందుల్లో గంధం. కొక్కేనికి మల్లెరేక. పెళ్లికి పెట్టుకెళ్లావు, ఇక ఇది నీదే, డబ్బు కట్టమని నేను గొంతు పెంచాను. నాన్న నన్ను ఆపి నెక్లెసు తీసుకున్నాడు. మొట్టమొదటిసారి ఆయన అడిగాడు.

"కల్లో ఏటొచ్చిందమ్మా?"

"పెళ్లొచ్చింది బాబూ. బోజనాలు బావున్నాయి."

నాన్న పడీ పడీ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆవిడ వెళ్లబోతూ గుమ్మంలో ఆగి, నాకు ఉచితంగా వ్యాపారం నేర్పింది. ఒక్క సీర మీదకి ఒక్క రోజు పెట్టుకునేదానికి నాలుగు నెలల జీతం ఎవరు పోస్తారు, ఇదే అచ్చులో గాజురాళ్లు రంగుకొకటి పెట్టండి, మా ఆఫీసు మొత్తాన్నీ తోలుకొస్తానంది. మేం గాజుపెంకులు అమ్మేవాళ్లం కాదన్నాను. అనడం చాలా దర్జాగా అన్నాను. గాజుల కొట్టాయన అదీ విన్నాడు.

నెల తిరిగేసరికి ఆయన అద్దాల బీరువాలో రంగురంగుల గాజురాళ్ల సెట్లు వెలిశాయి. సాయంత్రం ఆఫీసు బస్సు దిగిన ఆడపిల్లలు జాకెట్టు ముక్కలతో బారులు తీరేవాళ్లు. టైపిస్టు మాత్రం లోపలికి పోయే ముందు మా వైపు తిరిగి నమస్కారం పెట్టేది. మా నాన్నకే లెండి. మా కొట్టుకు కూడా కుర్రవాళ్లు రాకపోలేదు. పెళ్లిళ్ల రోజుల్లో వాళ్లందరికీ పెద్ద తలగడలే.

శివరాత్రి పది రోజులుందనగా సేఠ్ వచ్చాడు. వేరే దారి లేక అదే మూట అతని ముందు విప్పాను. అతను ఒక్కో కెంపునూ ఎండకు పట్టి, దీంట్లో మబ్బుంది, దీంట్లో చుక్కుంది అంటూ పోయాడు. మాట మాటా గుర్తుంచుకున్నాడు. చివరి రాయిని వేలితో తోసి, "నిన్నటి చేప మొప్ప కదా బాబూ? నువ్వే నేర్పావు" అన్నాడు. నేను మూట అతని వైపు జరిపాను. నాన్న కళ్లద్దాలు తుడుచుకుంటూ అటు తిరిగి కూర్చున్నాడు.

గది గాజుల కొట్టాయన కొన్నాడు. నేనిప్పుడు ఆయనకు అద్దె కడుతూ అందులోనే గాజురాళ్లు అమ్ముతున్నాను. పరీక్షకు ఇవ్వను.

బిల్లు ఇది. కెంపులు కొన్నది తొమ్మిది వేలు, నెక్లెసు విప్పించి ఆ పదీ కలిపి అమ్మింది ఐదు వేలు. పోయింది నాలుగు వేలు. చేయించిన కూలి మూడొందలు. సేఠ్‌కి రెండు కాఫీలు, ఒక రూపాయి. మొత్తం నాలుగు వేల మూడు వందల ఒక రూపాయి, ఒక గది. రెండోసారి వచ్చినప్పుడు కాఫీ డబ్బులు సేఠే ఇచ్చాడు.