ఇరవై కాకర గింజలు

మల్లాపూర్ సాయవ్వకు భూమి లేదు. ఉన్నదల్లా పెరట్లో ఓ దడి, దాని మీద పాకే కాకర తీగ. దొరల పొలాల్లో నాట్లేసి ముగ్గురు పిల్లలను పెంచిన మనిషి, ఇప్పటికీ నాట్లకు పోతుంది. అయినా ఊళ్లో ఆమె పేరు చెబితే గుర్తొచ్చేది కాకరకాయే. ఊరి దొర గోపాల్ రావు ఇంట్లో కూడా వేపుడుకు ఆమె కాయలే కావాలి. "చేదు లేని కాకర, కోపం లేని అత్త, నేనైతే ఏడ సూడలే" అని సాయవ్వ నవ్వుతుంది.

ఆ విత్తనం సాయవ్వ పుట్టిన ఊరు ఎల్లంతకుంట నుంచి వచ్చింది. కొత్త పెళ్లికూతురుగా ఆమె అత్తగారింటికి బయలుదేరినప్పుడు తల్లి ఐలవ్వ ఒడిబియ్యంతో పాటు గుప్పెడు గింజలు కొంగున కట్టింది. తల్లి పోయి ఇరవై ఏళ్లు. ఆమె ఫోటో ఒక్కటి కూడా లేదు, ఈ గింజలే ఉన్నాయి. ఏటా కొన్ని కాయలను తీగ మీదే పండనిచ్చి, గింజలు ఆరబెట్టి, బూడిద కలిపి చిన్న మట్టి గురిగిలో దాచేది సాయవ్వ. పోయిన వానాకాలం పెరట్లో నీళ్లు నిలిచి తీగలు కాయకముందే కుళ్లిపోయాయి. ఇక గురిగి అడుగున మిగిలినవి అంతకుముందు ఏటివి, సరిగ్గా ఇరవై.

జగిత్యాలలో వ్యవసాయ డిప్లొమా చదివే మనుమరాలు మానస సెలవులకు వచ్చింది. "పాత గింజలు అమ్మమ్మా, పరీక్ష చేసి మొలిచినయే పెడదాం" అంటూ ఇరవైనీ తీసుకుంది. కాలేజీలో వడ్లకు చేసినట్టే తడి కాగితంలో చుట్టి పెట్టింది. పది రోజులైనా ఒక్కటీ కదల్లేదు. ఆ పొట్లం మీద ఇంగ్లిషులో ఏదో రాసింది.

"ఏం రాసినవ్ బిడ్డా?"

"నాన్ వయబుల్ అని. బతికే సత్తువ లేనిదన్నట్టు. గింజకు అంటరు, నెలలు నిండక నిలువలేని పిండానికి అంటరు, నడవని ఫ్యాక్టరీకి గూడ అంటరు. ఏం చేసినా ఇగ బతకదని. కోరుట్లల హైబ్రిడ్ పాకెట్ తెస్త తియ్యి."

సాయవ్వకు తల్లి రెండోసారి పోయినంత దుఃఖం వచ్చింది. అయినా నమ్మకం కుదరక పొట్లం లాక్కుని, గింజలను ఒక్కొక్కటిగా గోటితో నొక్కి చూసింది.

"సచ్చిన గింజ మెత్తగైతది, వాసనస్తది. గివి రాళ్ల లెక్క ఉన్నయి. లోపలికి నీళ్లే పోలేదే పిల్లా! తలుపు తెరువకుంటే ఇంట్ల మనిషి లేనట్టేనా?"

వక్కలు కత్తిరించుకునే అడకత్తెర తెచ్చి, ప్రతి గింజ కొననూ కాస్త చిట్లేలా నొక్కింది. "కాకరకు పొట్టు మందం. మా అవ్వ ఐలవ్వ గిట్లనే చేసేది."

"మరి నాకు ముందే ఎందుకు చెప్పలే?"

"నువ్వడిగినవా? సదువుకున్నదానివి, తెలుసనుకున్న."

మానస ముఖం చిన్నబోయింది. సాయవ్వ గింజలను తడిగుడ్డలో మూటకట్టి, రొంట్లో దోపుకుని నాట్లకు పోయింది. రోజంతా ఒంటి వెచ్చదనం, సాయంత్రం రాగానే గుడ్డకు మళ్లీ కాసిని నీళ్లు. ఎంత ఆత్రమున్నా నాలుగు రోజులు ఇద్దరిలో ఎవరూ మూట విప్పలేదు.

ఐదో రోజు పొద్దున విప్పారు. పదమూడు గింజలకు తెల్లటి మొలకలు! మానస కేక వేసి అమ్మమ్మను వాటేసుకుంది. సాయవ్వ ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. మానస పెన్ను తీసి పొట్లం మీది మాట కొట్టెయ్యబోయింది.

"ఆగు" అంది సాయవ్వ. మిగిలిన ఏడు గింజలను అరచేతిలో చూపించింది. ఇప్పుడు లోపలికి నీళ్లు పోయినా మొలవక, నొక్కితే మెత్తగా నలిగాయి, కుళ్లు వాసన కొట్టాయి. "ఎందుకు కొడ్తవ్? మాట మంచిదే. గీ ఏడింటికి సరిపోతది. ఊకె తొందరపడి అన్నిటికీ పెట్టకు."

మానస కొట్టెయ్యలేదు. ఆ మాట పక్కన 'ఏడు' అని రాసి, గడ్డపార తీసుకుని దడి దగ్గర గుంతలు తవ్వడానికి పోయింది.