చచ్చాక తీసే నవ్వు

టీవీలో కౌబాయ్ సీరియళ్లు నడిచిన రోజుల్లో నేను ఎన్నిసార్లు చచ్చానో నాకే గుర్తులేదు. బందిపోటు ముఠాలో నాయకుడి ఎడమపక్క గుర్రం నాది. ఏ సీరియల్లోనైనా మొదటి తూటా నాకే. రికాబులోంచి ఎడమకాలు ముందే తప్పించుకుని, టోపీ ఊడకుండా గడ్డం కింద తాడు బిగించుకుని, గోనెసంచుల కింద పరిచిన గడ్డి మీద సరిగ్గా భుజం ఆనేలా పడాలి. కాస్త అటూ ఇటూ అయితే తల రాతికి తగులుతుంది. అదొక విద్య. ఎన్నో దెబ్బలు తిని నేర్చుకున్నాను.

చచ్చిన ప్రతిసారీ ఇంకో పని ఉండేది. కట్ చెప్పాక లేచి, దుమ్ము దులుపుకుని, కెమెరాలోకి చూసి నవ్వాలి. ఆ నవ్వు కూడా తీస్తేనే చావు షాట్ పూర్తయినట్టు. తీయకపోతే కీడని మావాళ్ల నమ్మకం. ఎంత తొందరలో ఉన్నా కెమెరామన్ ఇది మాత్రం మానేవాడు కాదు. మా ఆవిడ నా సీరియల్ ఒక్కటీ చూడలేదు. మొగుడు చావడం చూడలేనంది. కానీ ఇంటికి రాగానే గుమ్మంలోనే ఆపి అడిగేది: "నవ్వు తీసిన్రా?" తీశారంటేనే లోపలికి రానిచ్చేది.

మొన్న మణికొండలో మా పై ఫ్లోర్లో ఉండే అమ్మాయి వచ్చింది. హైటెక్ సిటీలో ఉద్యోగం. "మా ఆఫీసులో కౌబాయ్ డే చేస్తున్నామండీ అంకుల్. మీరే చీఫ్ గెస్ట్" అంది. నిజం చెబుతున్నాను, పొంగిపోయాను. మాట్లాడడానికి నాలుగు ముక్కలు రాసుకున్నాను. పాత బూట్లు వెతికి నేనే పాలిష్ పెట్టుకున్నాను.

తీరా వెళ్తే మైకూ లేదు, కుర్చీ లేదు. అట్టగుర్రం పక్కన నిలబెట్టారు. వెనక ఎక్కడిదో ఎడారి రాళ్ల ఫ్లెక్సీ. ఒళ్లు మండిపోయింది. ఆ బిల్డింగు కట్టిన చోట ఒకప్పుడు ఉన్నవి గుట్టలే కదా! మేము గుర్రాలు దౌడు తీయించింది ఆ రాళ్ల మధ్యే. వాటిని పేల్చి పునాదులు తవ్వి, పైన రాళ్ల బొమ్మ కట్టుకున్నారు! ఆఫీసు పిల్లలు ఒకరి తర్వాత ఒకరు నా భుజం మీద చెయ్యేసి సెల్ఫీలు దిగారు. మీరేం చేసేవారని ఒక్కడంటే ఒక్కడు అడగలేదు.

చివర్లో ఆ అమ్మాయి, "అంకుల్, ఒక్కసారి చచ్చిపోయి చూపించండి, ప్లీజ్" అంది. నాకు డెబ్బై దాటాయి. కింద గడ్డీ లేదు, సంచులూ లేవు. అయినా నటుణ్ణి, అడిగితే కాదనలేను. ఎవడో వేళ్లతో తుపాకీ పేల్చాడు. భుజం ఆనించి కార్పెట్ మీద పడ్డాను. చక్కగా చచ్చాను. కళ్లు మూసుకుని చప్పట్ల కోసం కాచుకున్నాను. ఇకఇకలు వినబడ్డాయి. కళ్లు తెరిచేసరికి సగంమంది భోజనాల వైపు నడుస్తున్నారు.

"అమ్మా, నవ్వు కూడా తియ్యాలి" అన్నాను కిందినుంచే. ఎందుకో చెప్పాను.

"అయ్యో, వీడియో అయిపోయిందండీ. కావాలంటే నవ్వు ఎడిటింగులో పెట్టించేస్తాను అంకుల్. ఇప్పుడన్నిటికీ యాప్‌లున్నాయి కదా."

నా నవ్వు నేను లేకుండా పెడతారట! ఎవడబ్బ సొమ్మని? తిట్టు నోటిదాకా వచ్చింది. రోజూ లిఫ్టులో కనబడే పిల్ల కదా అని మింగేశాను. అట్టగుర్రం కాలు పట్టుకుని లేవబోతే అది వంగిపోయింది. నా మోకాళ్లు నేనే నొక్కుకుంటూ లేచాను. భోజనం చేయకుండా ఆటో ఎక్కి, మణికొండ దాకా గొణుక్కుంటూనే వచ్చాను.

గుమ్మంలో మా ఆవిడ నిలబడి ఉంది. తీశారని అబద్ధం చెబుదామని నోరు తెరిచాను.

"అపార్ట్‌మెంట్ గ్రూపుల ఆ పిల్ల వీడియో పెట్టింది" అంది. "చూసిన."

ఇన్నేళ్లలో నా చావు ఆమె చూడడం ఇదే మొదటిసారి.

"అండ్ల అందరు నవ్వుతున్నరు. మీరొక్కరే నవ్వలే."

ఫోన్ నా మొహానికి ఎదురుగా ఎత్తి పట్టుకుంది. "ఇగ నవ్వుండ్రి."

కోపంతో దవడలు బిగుసుకుపోయి ఉన్నాయి. ఎంత ప్రయత్నించినా నవ్వు రాలేదు. ఆమె ఫోన్ దించలేదు, దారీ ఇవ్వలేదు.