పిండి మూత సిద్ధాంతం

ఒక్క మాటతో ఆఫీసు పరువునీ, నా పదవినీ ముంచినంత పని చేసినవాణ్ణి నేను. అదే శుక్రవారం ఒక గిన్నెడు దోసెల పిండి కూడా పాడైంది గానీ, దాని సంగతి తర్వాత చెబుతాను.

అప్పుడు హూడి అనే కన్నడ ఊళ్లో ఒక చిన్న కంపెనీ నన్ను టీం లీడ్‌ని చేసింది. చేసిందంటే పూర్తిగా కాదు, కస్టమరుకు మొదటి డెమో బాగా చూపిస్తే ఖాయం చేస్తామన్నారు. పెళ్లి హాళ్లు బుక్ చేసుకునే యాప్ మాది. పనంతా మంజునాథ్ చేతిలో ఉంది. నాయకత్వం నా చేతిలో ఉంది, దాన్నేం చేయాలో నాకు తెలియదు.

దారి చూపింది మా ఇంటి ఓనరు నాగరత్నమ్మ గారు. నేను అద్దెకుంటున్న వర్తూరులోనే తరతరాలుగా ఉంటున్న తెలుగావిడ. నాకు దోసెల పిండి రుబ్బడం నేర్పుతూ, "మూత పెట్టినంక మల్లా మల్లా తీసి సూడొద్దప్పా. దాని పాటికి అది పొంగుతాది" అంది. ఆవిడ పిండి గురించే చెప్పింది. నాకు మాత్రం మేనేజ్‌మెంటు రహస్యమంతా ఆ గిన్నెలో కనిపించింది.

మర్నాడు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, దారిలోని చెరువు మీది మంచును చూస్తూ కల కన్నాను. కలలో మా టీం నా ప్రమేయం లేకుండానే తెల్లగా, మెత్తగా పొంగుతోంది. నేను పక్కన నిలబడి చిరునవ్వు నవ్వుతున్నాను. కల ఎంత బాగుందంటే దిగాల్సిన స్టాపు దాటిపోయింది.

ఆ రోజే టీంకి చెప్పేశాను, శుక్రవారం దాకా ఎవరినీ ఏమీ అడగనని. అంతటితో ఊరుకున్నా బాగుండేది. నాతో కన్నడంలోనే మాట్లాడండి, దగ్గరవుదాం అని కూడా అన్నాను. కన్నడమంటే కాస్త యాస మార్చుకున్న తెలుగేనని అప్పట్లో నా గట్టి నమ్మకం.

మంగళవారం మంజు ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టాడు.

"ఇష్టు సాకా సార్?"

నాకు వినిపించింది ఒక్క సాకే. పని తప్పించుకోవడానికి ఏదో వంక చెబుతున్నాడు పాపం అనుకున్నాను. తెర వైపు కన్నెత్తి చూడకుండా, ల్యాప్‌టాప్ మూతను రెండు వేళ్లతో మెల్లగా మూసి, అంతా కనిపెట్టేసినట్టు తల ఊపాను.

"సాకు మంజూ, సాకు."

వాడి ముఖం వెలిగిపోయింది. ఆహా, పొంగుతోంది అనుకున్నాను. తర్వాత రెండు రోజులూ వాడు హాయిగా క్యారమ్స్ ఆడాడు. పులుస్తున్నాడులే అని ఆ దరిదాపులకే పోలేదు.

శుక్రవారం డెమో. తెర మీద అరటి బోదెలు, మామిడి తోరణాలు, ధగధగలాడే ద్వారం. కస్టమరు 'లోపలికి' అన్న బటన్ నొక్కాడు. మళ్లీ నొక్కాడు. ద్వారం ధగధగలాడుతూనే ఉంది. పెళ్లివాళ్లని వాకిట్లోనే నిలబెడతారా అని అడిగాడు. మంజు నా వైపు చూసి ఏదో గొణిగాడు. అందులోనూ సాకే వినబడి నాకు ఒళ్లు మండింది. పది రోజులు గడువిచ్చి కస్టమరు వెళ్లిపోయాడు. నా పదవి కూడా ఆ పది రోజుల అవతలికి జరిగింది. నిజం చెప్పొద్దూ, ఏడుపొచ్చింది.

ఇంటికొస్తే నేను రుబ్బి మూత పెట్టిన పిండి కూడా ఊరి చలికి అలాగే పడుకుని ఉంది. జరిగిందంతా విని నాగరత్నమ్మ గారు మెట్ల మీద కూలబడి నవ్వింది.

"సాకంటే కన్నడంలో చాలు అని కదప్పా. ఇంత చాలునా అని వాడడిగినాడు. చాలు అని నువ్వే అంటివి."

తర్వాత నా గిన్నెలోకి తొంగి చూసి నవ్వు ఆపింది.

"మూత పెట్టి మరిసిపోయేకి మనుషులు పిండి కాదప్పా. బిడ్డల్ని సాకినట్ల సాకల్ల."

ఆవిడ భాషలో సాకడమంటే పెంచడం. ఒకే మాటకి మూడు అర్థాలు. నాకు పనికొచ్చే రెండూ నాకు తెలియనివే.

ఆ పది రోజులూ మంజు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఆఖరి రోజు వాడు మళ్లీ "ఇష్టు సాకా సార్?" అన్నాడు. ఈసారి మూత నేనే తెరిచాను. హాలు, వంటగది, చివరికి చెప్పులు విడిచే చోటు దాకా అన్నీ నొక్కి చూశాక, నోరారా "సాకు" అన్నాను.

రెండో డెమో గట్టెక్కింది, పదవి ఖాయమైంది. ఇకమీదట ఏ మూతా తెరిచి చూడకుండా ఆ మాట అననని నాగరత్నమ్మ గారి దోసె పెనం మీద చెయ్యేసి ప్రమాణం చేశాను. చల్లారిందో లేదో చూసుకునే వేశాను లెండి.