హజ్రత్ ఔనన్న అధ్యాయం

మంగళవారం ఉదయం ఏడింటికి లాస్‌పేట నుంచి ఫోన్ వచ్చింది. కాలేజీలో నాకు చరిత్ర చెప్పిన సారు పోయారు. వయసు డెబ్బై ఎనిమిది. గుండె జబ్బు. ఫోన్ చేసింది ఆయన భార్య. ఆయన విద్యార్థులమంతా ఆమెను అమ్మ అనే పిలుస్తాం. "నిద్దర్లోనే పోయినారప్పా. పని ముగించుకోనే పోయినారు" అన్నారు అమ్మ.

ఆ పని ఒక పుస్తకం. రిటైరయ్యాక, చివరి పదకొండేళ్ళు సారు దాని మీదే కూర్చున్నారు. ఖురాన్ వాక్యాలకు అర్థం చెప్పడంలో మధ్యయుగాల ముస్లిం పండితులు ఎందుకు తగాదా పడ్డారన్నది విషయం. ఖురాన్ సృష్టి అయిందా, అనాదిగా ఉన్నదా అన్న వాదంలో జైలుకు వెళ్ళిన పండితులున్నారు. దేవుని చెయ్యి అని వాక్యంలో ఉంటే దాన్నెలా తీసుకోవాలన్నది మరో వాదం. చెయ్యి అంటే శక్తి అని ఒక పక్షం. వాక్యాన్ని ఉన్నదున్నట్టు నమ్మాలి, మనిషి చేతితో పోల్చకూడదు, ఎలాగని అడగకూడదు అని రెండో పక్షం. సారు మొగ్గు మొదటి పక్షానికి. ఆయన అది దాచలేదు.

ఆయనకో నియమం ఉండేది. "అవతలివాడు 'ఔను, నేను చెప్పేది ఇదే' అనేదాకా వానికి బదులు చెప్పగూడదు." ఆ పండితుల్లో మంచివాళ్ళు అలాగే వాదించారని క్లాసులో చెప్పేవారు. రిపోర్టర్‌నయ్యాక ఈ మాట నన్ను చాలాసార్లు సిగ్గుపడకుండా కాపాడింది.

రెండో పక్షం వారు వెయ్యేళ్ళ కిందటే పోయారు. వాళ్ళ తరఫున ఔననడానికి సారు ఒక మనిషిని వెతుక్కున్నారు. ఆయన పక్కనే సారం అనే పేటలో ఉండే పెద్దాయన, అరబ్బీ చెప్పి రిటైరయ్యారు; గురువుగారు అన్నట్టుగా అందరూ హజ్రత్ అంటారు. ఆయన తల్లి వైపు వాళ్ళది నెల్లూరు కాబట్టి తెలుగు మాట్లాడతారు. చదవలేరు. అందుకని సారే వెళ్ళి చదివి వినిపించేవారు. మిగతా అధ్యాయాలన్నీ అయ్యాయి. చెయ్యి గురించిన అధ్యాయాన్ని మాత్రం హజ్రత్ ఐదుసార్లు తిప్పి పంపారు. ఈలోగా సారుకు రెండోసారి గుండెపోటు వచ్చింది. డాక్టరు తిరగొద్దన్నారు. ప్రచురణకర్త తొందరపెట్టారు.

"ఆయన ఔననకుంటే పుస్తకం రాదా? ఏంది మీ పట్టు?" అన్నారు అమ్మ.

"ఆయన మాట రాస్తా ఉండా. ఆయన ఔననాల గదా" అన్నారు సారు.

చివరి రెండు నెలలు నా స్కూటర్ మీదే తీసుకెళ్ళాను. ఐదోసారి విన్నాక హజ్రత్ గడ్డం నిమురుకున్నారు.

"సార్, మా పెద్దోళ్ళను మర్యాదగానే తిట్టినారు."

"నేను యాడ తిట్టినా?"

"మాటలో లేదు. వాసన వస్తా ఉంది. మా వాళ్ళు ఆలోచనకు భయపడినారన్నట్టు రాసినారు. వాళ్ళ భయం వేరే. ఈరోజు చెయ్యి అంటే చెయ్యి కాదు అంటారు. సరి. రేపు ఒక రాజు వచ్చి న్యాయం అంటే న్యాయం కాదు అంటాడు. అప్పుడు ఏం జేస్తారు?"

సారు కాగితాలు మడిచి సంచిలో పెట్టుకున్నారు. ఇంటికి చేరాక "ఇన్నేళ్ళు వాళ్ళ సగం మాటకే బదులు రాసినానప్పా" అన్నారు. అధ్యాయం మొదటి నుంచి మళ్ళీ రాశారు. మూడు వారాలు పట్టింది. రెండో పక్షం వాదం నాలుగు పేజీల నుంచి పదకొండుకు పెరిగింది. సారు బదులు పద్నాలుగు పేజీల నుంచి ఐదుకు తగ్గింది.

ఆరోసారి హజ్రత్ కళ్ళు మూసుకుని విన్నారు. పదకొండు పేజీలు అయ్యాక కళ్ళు తెరిచారు.

"ఔను. మేము చెప్పేది ఇదే. నాకంటే బాగా చెప్పినారు. ఇంక మమ్మల్ని కొట్టండి."

సారు తన ఐదు పేజీలు చదివారు. ఆ గొంతు నేను క్లాసులో కూడా వినలేదు. గెలిచిన మనిషి గొంతు అది. హజ్రత్ మూడుచోట్ల తల అడ్డంగా ఊపారు, ఒకచోట నవ్వారు.

"నేను ఒప్పుకోను సార్."

"ఒప్పుకోవద్దు. మీ జవాబు రాసియ్యండి, నా బదులుకు కిందనే వేస్తాము."

మరునాడు సారు అధ్యాయం ప్రెస్సుకు పంపారు. తొమ్మిదో రోజు పోయారు.

సారు పోయిన పదకొండో రోజు మధ్యాహ్నం హజ్రత్ లాస్‌పేట ఇంటికి వచ్చారు. చేతిలో ఉర్దూలో రాసిన ఆరు కాగితాలు. అమ్మ కుర్చీ వేశారు. ఆయన ఒక్కో వాక్యం తెలుగులో చెబుతుంటే నేను రాసుకున్నాను. వాదం గట్టిగా ఉంది. ఒక్కో అంశం ముగియగానే ఆయన కాగితం మీద వేలు పెట్టి, తల పైకెత్తి, ఎవరైనా అడ్డు చెబుతారేమోనని కాసేపు ఆగారు. తర్వాత కిందికి చూసి, తర్వాతి అంశానికి వెళ్ళారు.