మావయ్య ‘నువ్వు’ అన్న రోజు

మొన్న అమలాపురంలో ప్రోస్టేట్ ఆపరేషన్ కాగితాల మీద నా చేత సంతకం పెట్టించుకునే ముందు, డాక్టరుగారు అన్నీ విడమరిచి చెప్పారు. గొట్టం పంపి లోపలి గ్రంథిని చెక్కుతున్నప్పుడు నీటితో కడుగుతూ ఉంటారట. ఆ నీరు తెగిన రక్తనాళాల్లోంచి ఒంట్లోకి ఎక్కితే ప్రమాదమట. ఇప్పుడు సెలైన్ వాడుతున్నాం కాబట్టి ఆ భయం బాగా తగ్గిందన్నారు. నేను తలూపుతున్నాను గానీ మనసు మావయ్య దగ్గరికి వెళ్లిపోయింది.

మావయ్య అంటే మా అమ్మకి అన్నయ్య. ఉప్పలగుప్తంలో రొయ్యల చెరువులు చేసేవారు. గట్టెక్కిన గేదెని కూడా ‘పక్కకి రండమ్మా’ అంటారని అత్తయ్య ఎగతాళి చేసేది. మూత్రం బొట్లుబొట్లుగా వస్తున్నా, ఆడవాళ్లున్న ఇంట్లో ఆ మాట ఎత్తడం మర్యాద కాదని ఏడాదిపాటు ఎవరికీ చెప్పలేదు. చివరికి పూర్తిగా కట్టేస్తే నేనే ఆసుపత్రికి తీసుకెళ్లాను. సంతకమూ నేనే పెట్టాను.

నడుముకి మత్తు ఇచ్చారు కాబట్టి ఆయన మెలకువగానే ఉన్నారు. మత్తు డాక్టరుగారు, నడివయసు ఆవిడ, తలదగ్గర కూర్చుని కబుర్లాడించారట. మేత గురించి అడిగితే “ఆయ్”, వానల గురించి అడిగితే “ఆయ్, అవునండీ”. గంట దాటాక ఆయన ఆవులించడం మొదలుపెట్టారు. మీదే ఊరని రెండుసార్లు అడిగితే చిరాగ్గా చూసి, “నువ్వెవత్తివే? అవతలకి పో” అన్నారు.

ఆవిడ సర్జన్‌ని ఆపమన్నారు. ఇంకాస్తే మిగిలిందని ఆయన అంటే, “ఈయన ఇందాకటి మనిషి కాదండీ. ఆపెయ్యండి” అన్నారు. రక్తం పరీక్షిస్తే, కడిగిన నీరు ఒంట్లోకి ఎక్కి సోడియం, అంటే ఒంట్లో ఉప్పు, బాగా పడిపోయి ఉంది. రక్తస్రావం ఆపి, మిగతా పని వదిలేసి ఐసీయూకి మార్చారు. ఒంట్లో నీరు దిగడానికి ఇంజెక్షను, ఉప్పు మాత్రం చుక్కచుక్కగా. తొందరపడితే మెదడుకి ముప్పట. బయట బెంచీ మీద అత్తయ్య నన్ను ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండుననిపించింది.

మర్నాడు సాయంత్రం మావయ్య కళ్లు తెరిచి, “దుప్పటి కొంచెం పైకి లాగుతారాండీ” అని నర్సుని అడిగారు. అత్తయ్య అప్పుడు ఏడ్చింది.

ఇంటికి వచ్చే రోజు, తను ఏమన్నారో తెలిసి, మావయ్య ఆ మత్తు డాక్టరుగారి ఎదుట చేతులు కట్టుకుని నిలబడ్డారు.

“తప్పయిపోయిందండీ. నా నోట రాకూడని మాట వచ్చేసిందండీ.”

“అది రాబట్టే నాకు అంత తొందరగా తెలిసిందండీ,” అన్నారావిడ నవ్వుతూ.

మావయ్య సమాధానపడలేదు. మిగిలిన ఆపరేషన్ ఆర్నెల్ల తరవాత ఆవిడ మత్తు ఇస్తేనే చేయించుకున్నారు. ఆ తరవాత పన్నెండేళ్లు బతికారు. ఎప్పుడు కలిసినా ఆ క్షమాపణే. ఆవిడకి ఒక్క మధ్యాహ్నంతో అయిపోయిన మాట, మావయ్యకి పన్నెండేళ్లకీ అయిపోలేదు.