తుపాకీ ఎలా తన్నిందో చెప్పమన్న అంకుల్

అంకుల్ పోయారని నాకు అక్క చెప్పింది. ఆంటీ ముందు అక్కకి ఫోన్ చేశారు. మార్చి నెల, పొద్దున పూట, కాలేజీ పార్కింగ్‌లో కారు ఆపి క్లాసుకి వెళ్తున్నాను. "నిద్రలోనే అట. నొప్పేమీ లేదట," అంది అక్క మెల్లగా. ఏడుపు కన్నా ముందు నాకు వచ్చింది ఒకే ఆలోచన: ఆంటీ నాకెందుకు చెయ్యలేదు? ఆయన విషయంలో అక్క మీద నాకున్న అసూయ అలాంటిది. ఆయన గురించి రాయాలంటే అది లేకుండా రాయలేను.

అమెరికాలో, అరోరా అనే ఊళ్ళో మా పక్కిల్లు ఆయనది. వారమంతా కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం. వసంతం వస్తే మాత్రం అడవి టర్కీ కోళ్ళ వేట. మన తెలుగువాళ్ళ పిక్నిక్‌లలో క్రికెట్ ఆడని అంకుల్ ఆయనొక్కరే. "టర్కీ అంటే థాంక్స్‌గివింగ్‌కి కొనుక్కునేది కదండీ," అని ఎవరైనా ఎగతాళి చేస్తే, "అది నడవలేని కోడి. నాది చెట్టెక్కి పడుకునే పక్షి. మీ బూటు చప్పుడు వింటే కౌంటీ దాటేస్తుంది," అనేవారు.

వేటకి కొన్ని వారాల ముందే ఆయనకి పండగ మొదలయ్యేది. ఊరవతల స్నేహితుడి పొలంలో ప్లైవుడ్ పలక నిలబెట్టి, దానికి పెద్ద కాగితం అంటించి, నడుమ మార్కర్‌తో టర్కీ తలా మెడా గీసేవారు. మెడ ఎప్పుడూ సొరకాయలా వచ్చేది. నలభై గజాలు వెనక్కి వచ్చి రకరకాల షెల్స్ కాల్చి చూసేవారు. షెల్ అంటే మందు, గుళ్ళు కూరిన తూటా. పేలగానే గుళ్ళు చల్లినట్టు వెళ్తాయి. అవి తల చుట్టూ ఒత్తుగా పడాలి, లేకపోతే పక్షి గాయంతో పారిపోయి ఎక్కడో బాధపడుతుంది. అది ఆయన ఓర్చుకోలేని విషయం. "డబ్బా మీద రాసింది కంపెనీ మాట. కాగితం మీద పడింది తుపాకీ మాట," అనేవారు.

కాల్చినవాళ్ళు వెంటనే కాగితం దగ్గరికి పరిగెత్తకూడదు. అది ఆయన నియమం. మడత కుర్చీలో కూర్చుని, "ముందు చెప్పు. ఎలా ఉంది?" అని అడిగేవారు. పేలినప్పుడు తుపాకీ భుజాన్ని తన్నే తన్ను ఎలా ఉందని. అది చెప్పాకే కాగితం.

మమ్మల్నిద్దర్నీ మొదటిసారి తీసుకెళ్ళిన రోజున, "వేటకి ఒక్కరినే తీసుకెళ్తాను. చెట్టుకి ఆనుకుని నా పక్కన కదలకుండా కూర్చోవాలి," అన్నారు. ఆ చోటు నాకు కావాలి. అందుకని బల్ల మీద ఉన్నవాటిలో అన్నిటికన్నా పొడుగాటి షెల్ ఎంచుకున్నాను. మూడున్నర అంగుళాల మాగ్నమ్, మందు బాగా దట్టించిన రకం. పెద్దదైతే బాగా తగులుతుందని నా నమ్మకం.

"అది గుర్రంలా తన్నుతుంది, చిన్నదానా."

"పర్లేదు అంకుల్."

"సరే. బుగ్గ తుపాకీకి గట్టిగా ఆనించు."

తన్నింది. కళ్ళు తెరిస్తే ఆకాశం కనిపించింది. అంటే ట్రిగ్గర్ లాగకముందే మూసుకున్నానన్నమాట.

"ఎలా ఉంది?"

"తలుపు తియ్యబోతుంటే అవతల నుంచి ఎవరో భుజంతో గుద్దినట్టుంది అంకుల్. అది పళ్ళ దాకా వచ్చింది. తర్వాత ఏ చప్పుడూ లేదు, తల మీద కంబళి కప్పినట్టు."

ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. కాగితం దగ్గరికి వెళ్ళి చూస్తే సొరకాయ మెడకి ఒక్క గుండూ తగల్లేదు.

అక్క సన్న గొట్టం ఉన్న ట్వంటీ గేజ్ తుపాకీ తీసుకుంది. అందులో టంగ్‌స్టన్ గుళ్ళ షెల్ పెట్టారాయన. సీసం కన్నా బరువైన లోహం కాబట్టి గుళ్ళు చిన్నవైనా దూరం దాకా గట్టిగా తగులుతాయి. పెద్ద షెల్ అక్కర్లేదు, తన్నూ తక్కువ.

"ఎలా ఉంది?"

"ఓకే," అంది అక్క.

టర్కీ తల జల్లెడైపోయింది.

"పెద్దది వస్తుంది నాతో," అన్నారు అంకుల్.

"మరి నేను?"

"నువ్వు తుపాకీ గురించి ఆలోచిస్తున్నావు. మీ అక్క పక్షి గురించి ఆలోచిస్తోంది. పైగా నీకు మాటలెక్కువ, టర్కీకి చెవులెక్కువ."

ఏప్రిల్‌లో వాళ్ళిద్దరూ వెళ్ళి పక్షితో తిరిగొచ్చారు. అమ్మ దాన్ని మా వంటింట్లోకి రానివ్వలేదు. ఆంటీ తన ప్రెషర్ కుక్కర్‌లో పులుసు చేశారు. ఎన్ని విజిల్స్ వచ్చినా కాలు మాత్రం ఉడకలేదు. దాన్ని నములుతూ, "బాగా తన్నిందా?" అని అక్కని అడిగాను.

"తన్నినట్టే తెలీలేదే. పక్షి ఎదురుగా ఉంటే ఏదీ తెలీదు."

అంతకన్నా ఒళ్ళు మండే మాట నేను వినలేదు. చెట్టుకి ఆనుకుని కాల్చినందుకు అక్క భుజం మీద నీలంగా కమిలింది. అమ్మ ఐస్ పెడుతుంటే, ఆ మచ్చ నాకు రావాల్సింది అనుకుంటూ చూశాను. అక్క ఆ పక్షి ఈక ఒకటి తన కారు అద్దానికి కట్టుకుంది. నేను అడిగినా ఇవ్వలేదు.

మరుసటి ఏడాది అంకుల్‌కి పేస్‌మేకర్ పెట్టారు. ఆయనది ఎడమచేతి వాటం. పేస్‌మేకర్ కూడా ఎడమ భుజం కిందే పెట్టారు. ఇక ఆ భుజానికి తుపాకీ ఆనించవద్దన్నారు డాక్టర్. అప్పుడు ఆయన ఫోన్ చేసింది నాకు.

"నా బదులు షెల్స్ టెస్ట్ చెయ్యాలి. వస్తావా?"

"అక్కని పిలవండి. తనైతే బాగా కాలుస్తుంది," అన్నాను, మూతి ముడుచుకుని.

"అది ఓకే అంటుంది. ఓకేతో నేనేం చేసుకోను?"

అలా మొదలయ్యాయి మా శనివారాలు. నేను కాల్చేదాన్ని, ఆయన కుర్చీలోంచి అడిగేవారు. తేలిక షెల్ ఒకటి, బస్సులో పక్కనవాళ్ళు కునికి మన మీద వాలినట్టుందన్నాను. ఇంకోటి, పసివాడు పరిగెత్తుకుంటూ వచ్చి తలతో పొడిచినట్టుందన్నాను. నేను చెబుతుంటే ఆయన కుడిచెయ్యి మెల్లగా ఎడమ భుజం మీదికి వెళ్ళేది. అక్కడ అదిమి పట్టుకుని, "ఆ, ఇప్పుడు తగిలింది," అనేవారు. మాట కుదరకపోతే చెయ్యి లేచేది కాదు. "ఇంకోలా చెప్పు." ఒక మాట దగ్గర ఆగిపోకుండా ఇంకో మాట కోసం వెతకడం నాకు నేర్పింది ఆ చెయ్యే.

అయినా అసూయ పోలేదు. "వేటకి ఎప్పుడూ అక్కేనా?" అని పోయిన శీతాకాలంలో అడిగేశాను.

"ఈ ఏప్రిల్‌కి నువ్వు. పక్షిని నేను దాని కూత కూసి పిలుస్తాను, నువ్వు కాల్చు. నోరు మూసుకుని కూర్చుంటేనే సుమా."

కాలేజీ దగ్గర నా గదిలో గోడకి ఆనుకుని కదలకుండా కూర్చోవడం ప్రాక్టీస్ చేశాను. నాకు ఒంట్లో బాలేదేమోనని రూమ్మేట్ కంగారు పడింది. ఏప్రిల్ రాకముందే ఆయన వెళ్ళిపోయారు. ఆయన పక్కన, ఆ చెట్టు కింద చోటు అక్కకి దొరికింది, నాకు దొరకలేదు.

కర్మ అయిపోయాక ఆంటీ గరాజ్ తెరిచి, "ఇవి నాకెందుకమ్మా, మీరే కాల్చెయ్యండి," అని మిగిలిన షెల్స్ మా చేతికిచ్చారు. ఆ ఆదివారం అక్కా నేనూ పొలానికి వెళ్ళాం. కాగితం మీద బొమ్మ నేనే గీశాను. నాకూ మెడ సొరకాయలాగే వచ్చింది. వెనక్కి వచ్చి చూస్తే అక్క ఆయన మడత కుర్చీ వేసుకుని కూర్చుంది. అదీ తనకేనా అనుకున్నాను. అన్నిటికన్నా పొడుగాటి షెల్ పెట్టి, బుగ్గ ఆనించి, కళ్ళు తెరుచుకునే కాల్చాను.

కాగితం వైపు అడుగు వేస్తుంటే వెనక నుంచి అక్క గొంతు. "ముందు చెప్పు. ఎలా ఉంది?"

"ఓకే," అన్నాను.

"అలా కాదే. సరిగ్గా చెప్పు. చెట్టు కింద ఆయన పక్కన నేను కాల్చింది ఒక్కటే ఒక్కటి. దాని తన్ను కూడా నాకు తెలీనేలేదు."

తిరిగి చూశాను. తన చేతులు ఒళ్ళో ఉన్నాయి.

"బరువైన సంచీ భుజం మీదికి విసిరినట్టు," అన్నాను. చేతులు కదల్లేదు. ఇంకో మాట కోసం వెతికాను.

"ఎవరో పెద్దాయన, బయటికి వెళ్తూ, వెంటపడుతున్న మనల్ని భుజం మీద చెయ్యేసి గట్టిగా వెనక్కి నెట్టినట్టు. ఇక్కడే ఉండు, అన్నట్టు."

అక్క చెయ్యి మెల్లగా లేచి తన భుజం మీదికి వెళ్ళింది. అక్కడ అదిమి పట్టుకుని ఉండిపోయింది. దూరంగా పలక మీద కాగితం గాలికి కొట్టుకుంటూనే ఉంది. దాని దగ్గరికి మేమింకా వెళ్ళలేదు.