మాగాయ ఊటతో ఎర్తింగ్

ఆ రోజుల్లో బరంపురం బడా బజార్‌లో మా మావయ్య మైకుసెట్టు కొట్టు తెలియని పెళ్లివారు ఉండేవారు కాదు. బీకాం ఒకసారి తప్పి, రెండోసారి రాసే ధైర్యం లేక ఆ కొట్టులో చేరిన నేను మాత్రం ఎవరికీ తెలియను. ఏడాదిపాటు వైర్లు చుట్టాను. (మెలిపెట్టి చుడితే లోపల తీగ తెగుతుందని మావయ్య తిట్టేవాడు.) సొంతంగా ఒక్క పెళ్లికైనా మైకు పెట్టి రావాలని నాకు ఎంత కోరికో చెప్పలేను. చివరికి ఒక వేసవిలో, పొలసర దగ్గర పల్లెలో మన తెలుగువాళ్ల పెళ్లికి నన్నొక్కణ్నే పంపుతూ, "సూడు, ఎర్తు సరిగా లేకపోతే మైకెయ్యకు. ఎవరు తిట్టినా సరే. ఎవులికైనా షాకు కొట్టిందంటే, ఈ జల్మలో మళ్లీ నిన్ను వైర్లు సుట్టడానిక్కూడా పిలవను" అన్నాడు.

వేదిక పక్కన ఎర్తు కడ్డీని నలుగురూ చూసేలా దబదబా దిగ్గొట్టాను. తీరా పరీక్షకి బల్బు తగిలిస్తే మిణుకుమిణుకుమంది, అంటే ఎర్తు సరిగా అందలేదు. నేల ఎండిపోయి ఉంది, కడ్డీ చుట్టూ ఉప్పునీళ్లు పొయ్యాలి. ఆ ఉప్పు పొట్లం కొట్టులోనే మర్చిపోయాను. (బయల్దేరే ముందు తల దువ్వుకోవడం మాత్రం మర్చిపోలేదు.) పరుగున వెళ్లి పెళ్లికూతురి మామ్మని గుప్పెడు ఉప్పు అడిగాను.

"దీపాలెట్టేసేక ఉప్పు గడప దాటదు బాబూ. అందులోనూ పెళ్లిల్లు. ఏటనుకున్నావు?" అంది.

ఊళ్లో ఉన్న ఒక్క కొట్టువాడూ ఆ పందిట్లోనే ఉన్నాడు. సంధ్యవేళ దాటితే ఆయనా ఉప్పు అమ్మడట. ఇంతలో పెళ్లికూతురి మేనత్త తలంటుకున్న తడిజుట్టుతో, ఉత్త కాళ్లతో వేదికెక్కి మైకు కోసం చెయ్యి చాచింది. ఆవిడ నెల్లాళ్లుగా పాటలు సాధన చేస్తోందట. నేను మైకుని గుండెకి హత్తుకుని ఇవ్వనన్నాను. "మా పెళ్లిలో మాకే మైకివ్వవేటి? ఇంత పొగరేటి నీకు?" అంది ఆవిడ. మగపెళ్లివారి ఒడియా స్నేహితులు మాటిమాటికీ "హెలా?" అంటున్నారు. (అయిందా అని. అవలేదు.) ఇచ్చేస్తే గొడవ వదిలిపోతుంది. కానీ ఆవిడ తడిజుట్టు, ఉత్త కాళ్లు చూస్తే నాకు భయం వేసింది, నిజంగా ఏడుపొచ్చింది. "మామ్మా, మీ అమ్మాయికి కరెంటు కొడితే నేనేం చెయ్యను?" అన్నాను.

మామ్మ కూతురి తడిజుట్టు వంక ఒకసారి చూసి, లోపలికెళ్లి పెద్ద జాడీ ఎత్తుకొచ్చింది. "ఉప్పు ఇవ్వనన్నాను గానీ ఊట ఇవ్వనన్లేదు కదా. మాగాయ ఊట. ముక్కలు మేడ మీద ఎండుతున్నాయి. ఇది పట్టుకెళ్లి పొయ్యి."

ఆ ఏటి మాగాయ ఊటంతా కడ్డీ మొదట్లో పోసి, మీద రెండు బిందెల నీళ్లు పోశాను. పందిరంతా పుల్లటి వాసన. బల్బు నిండుగా వెలిగింది. మేనత్త గంటన్నర పాడింది. (షాకు మాకే కొట్టింది.) పొద్దున్న లేచేసరికి రెండు మేకలు మా ఎర్తింగుని నాకుతున్నాయి. సంగతి విన్న మావయ్య నవ్వలేదు. కడ్డీ వాసన చూసి, "ఇంక నువ్వొక్కడివే ఎల్లొచ్చు" అన్నాడు.

ఇప్పుడు ఆ కొట్టు నాదే. ఏ ఊరు వెళ్లినా పెట్టెలో ముందు సర్దేది కిలో ఉప్పు పొట్లం. మొన్న వేసవిలో అదే ఇంట్లో చిన్నమనవరాలి పెళ్లి. చీకటిపడే వేళ నేను కడ్డీ కొడుతుంటే, అరుగు మీద మంచంలోంచి మామ్మ కళ్లు చికిలించి చూసి, "ఉప్పు తెచ్చుకున్నావేటి?" అంది.

పొట్లం నా కాలిపక్కనే ఉంది. దాన్ని మెల్లగా పెట్టె వెనక్కి తోసేశాను.

"మర్చిపోయేను మామ్మా" అన్నాను.

మామ్మ బోసినోటితో నవ్వి, జాడీ తెమ్మని లోపలికి కేకేసింది. దువ్వుకోవడానికి ఇప్పుడు నాకు జుట్టు లేదు గానీ, మర్చిపోవడం ఇంకా చేతవును.